సున్నా నుంచి మొదలైన గీత

మా ఆయన ఒళ్ళు తగ్గుతోందని నాకు బెల్టు వల్ల తెలిసింది. దానికి కొత్త రంధ్రం పొడిపించుకుని వచ్చి, అదేదో ఘనకార్యంలా చూపించాడు. ఆయన పని గన్‌ఫౌండ్రీలో ఒక ప్రింటింగ్ ప్రెస్సులో. నాంపల్లి స్టేషన్ వెనక రెండు గదుల్లో ఉండేవాళ్ళం. అప్పటినుంచి ప్రతి ఆదివారం చర్చి నుంచి వస్తూ స్టేషన్లో రంగు బల్బులు తిరిగే బరువు మిషను ఎక్కించేదాన్ని. అది ఇచ్చే అట్ట టికెట్లను తారీఖు రాసి బైబిల్లో పెట్టేదాన్ని.

"ఏందే, వారం వారం మేకను తూచినట్టు?" అని విసుక్కునేవాడు.

దవాఖానకు వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టరే ఉండేవాడు. "పోయినసారికీ ఇప్పటికీ పెద్ద తేడా లేదమ్మా. టెన్షన్ తగ్గించుకోమను" అనేవాడు. ఐదు నెలల్లో అరవై ఎనిమిది కిలోల మనిషి యాభై ఐదుకు వచ్చాడు. రెండు ముద్దలు తింటే కడుపు పట్టుకుని కూర్చునేవాడు.

నేను అప్పుడు ఆబిడ్స్‌లో కంప్యూటర్ నేర్చుకుంటున్నాను. ఎక్సెల్ పాఠాలు నడుస్తున్నాయి. ఒకరోజు టికెట్లలోని బరువులన్నీ కొట్టి, చార్టు వేసి, దవాఖానకు పట్టుకెళ్ళాను. డాక్టరు ఒక్కసారి చూసి, "కొంచెం దిగింది, అంతే" అని మడిచి ఇచ్చేశాడు.

బస్టాపులో కాగితం విప్పి చూసుకున్నాను. పక్కనున్న అంకెలు సున్నా నుంచి ఎనభై దాకా ఉన్నాయి. ఆయన బరువు గీత పైన ఎక్కడో, కాస్త వదులైన దండెంలా ఉంది. ఆయన ఒంట్లోంచి పోయిన పదమూడు కిలోలు రెండు వేళ్ళ మందంలో మాయమైపోయాయి.

మర్నాడు క్లాసులో ఏడుపు ఆగలేదు. మా సారు కోస్తా వైపు పెద్దాయన. సంగతంతా విని కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ఆ నిలువు గీత మీద రెండుసార్లు నొక్కండమ్మా. స్కేల్లో మినిమమ్ దగ్గర యాభై అని కొట్టండి."

కొట్టాను. గీత ఒక్కసారిగా కిందికి జారింది. కిలోకొక అడ్డగీత పెట్టమన్నాను. పెడితే తెర మొత్తం దోమతెరలా అయి ఆయన గీతే కనబడలేదు. సారు రెండు కిలోలకొకటి ఉంచి, వాటిని లేత బూడిదరంగుకు మార్చారు. నెలకొక నిలువుగీత పెట్టారు.

"సార్, యాభై నాలుగు నుంచి పెడదాం. నేలకు తాకినట్టు కనపడాలె."

"అది భయపెట్టడం అవుతుందమ్మా."

"భయపడనీ సార్! ఎట్ల చెప్తే నమ్ముతరు మరి?"

నా వేలు చాలాసేపు మౌస్ మీదే ఉండిపోయింది. చివరికి యాభైనే ఉంచాను.

శనివారం దవాఖానకు వెళ్తే, ఆ రోజు పెద్ద డాక్టరమ్మ వచ్చింది. చార్టు చూసి తలెత్తింది.

"స్కేల్ యాభై నుంచి పెట్టిన్రా?"

"ఔ మేడమ్. సున్నా నుంచి పెడితే ఎవ్వరికీ కనిపిస్తలేదు" అని వెంట తెచ్చిన బైబిల్లోని టికెట్లన్నీ బల్ల మీద పోశాను. ఆమె ఒక్కొక్కటీ తీసి చార్టుతో సరిచూసింది. తర్వాత మా ఆయన్ను పడుకోబెట్టి పొట్ట నొక్కింది. ఆయన అరిచాడు.

"ఇన్ని రోజులు ఏం చేసిన్రమ్మా?"

"వస్తనే ఉన్నం మేడమ్. నెలనెలా వస్తనే ఉన్నం."

ఆమె అప్పుడే అడ్మిషన్ రాసింది.

పరీక్షల్లో పేగులకు టీబీ అని తేలింది. మందులు మొదలుపెట్టిన తొలి నెలలో ఆయన యాభై రెండుకు దిగాడు. ఆ నెలంతా నాకు ప్రార్థన కూడా నోటికి రాలేదు, మంచం పట్టె పట్టుకుని కూర్చునేదాన్ని. రెండో నెలలో ఒక మధ్యాహ్నం, "జర పచ్చిపులుసు చేస్తవా?" అని అడిగాడు. మళ్ళీ ప్రెస్సుకు వెళ్ళడానికి ఏడాది పట్టింది. కాగితం కట్టలు మోసే శక్తి మాత్రం తిరిగి రాలేదు. యజమాని ప్రూఫులు దిద్దే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు.