రెండో నల్లగింజ

సీతాఫలం విప్పగానే వచ్చే వాసన ఈ వయసులో కూడా నన్ను ఉన్నచోట ఉండనివ్వదు. నిన్న మధ్యాహ్నం ఒక పండు చేతిలోకి తీసుకున్నానో లేదో, ఉదయగిరి హైస్కూలు వరండా, కిటికీ నిండా కొండ, నిద్రమత్తులో తూగే క్లాసు, మాలకొండయ్య అయ్యవారి మెత్తని గొంతు అన్నీ వచ్చి నా చుట్టూ కూర్చున్నాయి. గింజలు పారెయ్యబుద్ధి కాలేదు. కడిగి ఆరబెట్టాను.

ఆయన మాకు చరిత్ర చెప్పేవారు. చెప్పేవారనడం తక్కువే, చెయ్యి పట్టుకుని అందులోకి తీసుకుపోయేవారు. ఆయన చెప్పే ప్రాచీన గ్రీకుల నగరం ఏథెన్సు ఎక్కడుందో నేను పటంలో ఎన్నడూ వెతకలేదు. నా మటుకు అది ఉదయగిరి కొండమీద, కూలిన కోటగోడల వెనక, ఎండ మసకలో తేలుతూ ఉండేది. ఒకరోజు ఆయన అడిగారు, "ఊరందరికీ అన్యాయం జరిగితే కేసు ఎవరు పెట్టాలిరా?" పోలీసులని అందరం అరిచాం. "ఏథెన్సులో అట్లా కాదు. ఇష్టమైనవాడు ఎవడైనా లేచి పెట్టొచ్చు. నష్టపోయినవాడు నోరెత్తలేకపోతే, నష్టం లేనివాడే లేవాల." ఆడవాళ్లకు మాత్రం అక్కడ ఆ హక్కు లేదట. "మన ఏథెన్సులో ఉండాదిలే అమ్మాయ్" అని నా వైపు చూసి నవ్వారు.

అప్పటినుంచి శుక్రవారం చివరి పీరియడు మాకు న్యాయస్థానం. ఆయన కండువా కప్పిన ముంత చేతినుంచి చేతికి తిరిగేది. నేరం ఉందనుకుంటే నల్లటి సీతాఫలం గింజ, లేదనుకుంటే చింతగింజ వెయ్యాలి. ఎవరేం వేశారో ఎవరికీ కనపడదు. నల్లగింజలు ఐదోవంతన్నా రాకపోతే, నేరం మోపినవాళ్లు ఆ ఏడాది మళ్లీ లేవకూడదు. సుద్దముక్కల దొంగల మీద, గంట ఆలస్యంగా కొట్టే బంట్రోతు మీద మహా ఆవేశంగా కేసులు పెట్టాం.

మా బడి వరండాలో రెండు మంచినీళ్ల కుండలుండేవి. పెద్దది మాకు. మూలనున్న చిన్నది హరిజనవాడ నుంచి వచ్చే పెంచలమ్మకూ, ఆ వాడ పిల్లలు మరికొందరికీ. దాన్ని నింపాలని ఎవరికీ గుర్తుండేది కాదు. ఒక శుక్రవారం మధ్యాహ్నపు ఎండలో పెంచలమ్మ బోర్డు దగ్గరే సొమ్మసిల్లి పడిపోయింది. తేరుకున్నాక, "ఇంక బడికి రాన్లే" అంది నాతో. ఆ మాటలో కోపం కూడా లేదు. నాకు దుఃఖం ఆగలేదు.

ఆరోజు చివరి పీరియడులో లేచాను. "ఎవరి మీద?" అన్నారు అయ్యవారు.

"మీ మీదే అయ్యవారూ. ఆ చిన్నకుండను రోజూ చూస్తా ఊరుకున్నారు."

వెనకనుంచి ఎవరో, "నీ కుండలో నీళ్లుండాయి గదా, నీకేందే నొప్పి?" అన్నారు.

"నాకేం నొప్పి లేదు. ఇష్టమై లేచినాను" అన్నాను.

ఆయన కుర్చీ దిగి గుమ్మం దగ్గర నిలబడ్డారు. ముంత క్లాసంతా తిరిగి ఆయన చేతికి, ఆయన నుంచి నాకు వచ్చింది. బోర్లిస్తే చింతగింజల మధ్య రెండే నల్లగింజలు. ఒకటి నాది. పెంచలమ్మ తల ఎత్తలేదు. "ఈ ఏడు నువ్వు మళ్లీ లేవకూడదు" అన్నారాయన, నియమం ప్రకారం.

సోమవారం వెళ్లేసరికి చిన్నకుండ లేదు. అయ్యవారు ఇంటికి వెళ్లి పెంచలమ్మను వెంటబెట్టుకొచ్చారు. పెద్దకుండలో చెంబు ముంచమని చెప్పి, ఆ పిల్ల ముందు వంగి దోసిలి పట్టారు. "పొయ్యమ్మా." మోచేతుల మీదుగా నీళ్లు కారుతుంటే కళ్లు మూసుకుని తాగారు. తర్వాత నేను తాగాను. ఆ తర్వాత మెల్లగా ఒక్కొక్కరే వచ్చారు. ఊళ్లో గోల లేచింది. నెల తిరక్కుండా ఆయన్ని ఆత్మకూరుకు మార్చేశారు. పెంచలమ్మ మాత్రం బడి మానలేదు.

కొన్నేళ్ల తర్వాత ఆయన ఆత్మకూరు బస్టాండులో కనిపించారు. జుట్టు నెరిసింది, గొంతు అదే. ఆ రెండో గింజ తలుచుకునే నేను చాలాచోట్ల ధైర్యంగా లేచి మాట్లాడానని చెప్పాను. "అది పెంచలమ్మదే గదా అయ్యవారూ?"

"పాపం, ఆ పిల్లకి అప్పుడంత ధైర్యం ఎక్కడిది? నాదే. నా మీద నేనే దొంగ ఓటు వేసుకున్నా" అని పకపకా నవ్వారు. తర్వాత నవ్వు ఆపి, "నువ్వొక్కదానివే అని తెలిస్తే, మళ్లీ జన్మలో లేవవేమోనని భయమేసింది అమ్మాయ్" అన్నారు.

ఇప్పటికీ ఏ సభలోనైనా ఎవరో ఒక్కరే లేచి వణుకుతూ మాట్లాడుతుంటే, నేను వెళ్లి వాళ్ల పక్కన నిలబడతాను. వాళ్లు చెప్పేదేమిటో తర్వాత అడిగి తెలుసుకుంటాను.