కట్టెతో పలికిన వేసవి

ఇవాళ ఖానాపురం హవేలి పోయే షేర్ ఆటోలో ఒక ముసలావిడ ఎండిన ఇప్పపువ్వు మూట ఒళ్లో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. ఆ వాసనకు మణుగూరు అవతల మా ఊరు గుర్తొచ్చింది.

ఇప్పపువ్వు ఏరడానికి పోయినవాళ్లకు గుర్తుందా? చెట్ల మధ్య ఒకరికొకరు కనపడకపోతే "కూ" అని కేక పెట్టేవాళ్లు. విన్నవాళ్లు తిరిగి పలకాలి. నేను పలికేదాన్ని కాదు. ఆ కేక చెవుల్లో గుచ్చుకునేది, నోట్లోంచి మాట వచ్చేది కాదు. నాకున్నది ఆటిజం అని పెద్దయ్యాకే తెలిసింది.

"పిలిస్తే పలకదు. అడవిల తప్పిపోతే ఎవలు దేవులాడాలె? ఇంట్లనే ఉండనీ," అంది చిన్నమ్మ. అమ్మ నా చేతిలోని బుట్ట తీసేసుకుంది.

పెదనాన్న కూతురు ముత్తక్క దాన్ని మళ్లీ నాకిచ్చింది. "నోటితోనే పలకాల్నా ఏంది? కట్టెతోని చెట్టును కొట్టవే. నేను గుర్తుపడత."

ఆ వేసవంతా నా చెట్టు కింద ఒక్కదాన్నే ఏరుకున్నాను. దూరంనుంచి ముత్తక్క కట్టె టక్ మని వినపడితే నేనూ టక్ మని కొట్టేదాన్ని. మరుసటి ఏడాదికి ముత్తక్క పెళ్లయి వెళ్లిపోయింది. తర్వాత నన్నెవరూ అడవికి తీసుకుపోలేదు.

ఇప్పుడు నా ఉద్యోగం, నా కిరాయి గది, నా వంట. ఎవరిమీదా ఆధారపడనని అందరూ మెచ్చుకుంటారు. నన్ను పిలిచేవాళ్లు మాత్రం లేరు.

తెలియకుండానే ఆటో కడ్డీ మీద టక్ మని కొట్టాను. డ్రైవర్ బండి ఆపాడు.

"ఇక్కడ్నేనా అక్కా?"

నా గది ఇంకా చాలా దూరం. కాదని చెప్పలేక దిగిపోయాను.