ఒక్క గిట్ట కూడా వదలను

నా చిన్నప్పుడు, ప్రొద్దుటూరులో మా నాన్న బట్టలంగడి అరుగు మీద కూర్చుని, అక్షరాలకంటే ముందు బేరం నేర్చుకున్నాను. అవతలివాళ్ళు ఒక మెట్టు దిగితే మనమూ ఒక మెట్టు దిగాలి, మధ్యలో ఎక్కడో సరే అనుకోవాలి. లోకమంతా ఇంతేనని ఎనిమిదేళ్ళకే తేల్చేసుకున్న గడుగ్గాయిని.

మా పక్కింట్లో ఒక అక్క ఉండేది. భర్త పోయాక పులివెందులలోని అత్తగారివాళ్ళు ఆమెను పుట్టింటికి పంపేసి, కూతురినీ కొడుకునూ తమ దగ్గరే పెట్టుకున్నారు. అక్కావాళ్ళు ఏసుప్రభువును నమ్ముకున్నవాళ్ళు. మధ్యాహ్నాలు చింతపండులో గింజలు తీస్తూ నాకు బైబిలు కథలు చెప్పేది. ఒకరోజు ఐగుప్తు రాజు కథ చెప్పింది. అక్కడ బానిసలుగా పడి ఉన్న జనాన్ని దేవుడు నా పెద్దకొడుకు అన్నాడట, వదిలిపెట్టమని రాజుకు మోషే అనే తన మనిషితో కబురంపాడట. ఊళ్ళ మీద దేవుడు పంపిన తెగుళ్ళు పడేకొద్దీ రాజు దిగివచ్చాడు. మగవాళ్ళు పోండి, పిల్లలు ఇక్కడే ఉండాలన్నాడు. తర్వాత పిల్లల్నీ తీసుకుపోండి, గొడ్లను మాత్రం ఇక్కడే వదిలిపోండన్నాడు. ఒక్క గిట్ట కూడా ఇక్కడ మిగలదన్నాడట మోషే.

నాకు ఆ దేవుడి మీద జాలేసింది. "అంత మంచి బేరమొస్తే ఒప్పుకోవాల్నా లేదా? మీ దేవునికి యాపారం తెలీదక్కా," అన్నాను.

అక్క పగలబడి నవ్వింది. "అమ్మేటోనికి, కొనేటోనికి బేరం గానీ, కన్నోనికి ఏం బేరముంటాదే పిచ్చిదానా?" అంది. ఆ తర్వాత గొర్రెపిల్ల నెత్తురు గుమ్మాలకు పూసుకున్న రాత్రి గురించి చెప్పింది. ఆ గుర్తున్న ఇళ్ళను చావు దాటిపోయిందట, లేని ప్రతి ఇంట్లో పెద్దకొడుకు పోయి ఏడుపేనట. ఆ రాత్రే దేవుడు తనవాళ్ళందరినీ బయటికి తెచ్చుకున్నాడట. ఆ ఏడుపు దగ్గర అక్క గొంతు తగ్గింది. ఏడ్చినవాళ్ళూ తల్లులేనని నాకప్పుడు తట్టలేదు.

వారం తిరక్కుండా పులివెందుల నుంచి ఆమె బావ వచ్చాడు. మా అరుగు మీదే మాటలు, మధ్యవర్తి మా నాన్నే.

"పాపను తోలుకపో. పిల్లోడు మా ఇంటి మగబిడ్డ, ఆడ్నే ఉంటాడు," అన్నాడు బావ.

మా నాన్న కళ్ళు మెరిశాయి. "సగం దిగినాడు గదమ్మా, ఒప్పుకో."

"ఇద్దురూ నా బిడ్డలే మామా," అంది అక్క.

"పండగలకు పంపిస్తాంలే," అన్నాడు బావ.

"ఇద్దురూ నా బిడ్డలే."

"ఏందమ్మా నువ్వు, చెప్పిందే చెప్తాండావు!" మా నాన్న తల పట్టుకున్నాడు.

మర్నాడు అక్క పులివెందుల బస్సెక్కింది. వాళ్ళ గడప ముందు నాలుగు రోజులు కూర్చుందట, ఆ ఇంటి మంచినీళ్ళు కూడా ముట్టకుండా. వీధి వీధంతా వచ్చి చూస్తుంటే తలెత్తుకోలేక ఇచ్చేశారు. ఐదో రోజు ఇద్దరు పిల్లలతో మా వీధిలోకి వచ్చింది. వెనకాలే కొడుకు పెంచుకున్న కుంటి మేకపిల్ల. "దాన్ని గూడా వదల్లేదా తల్లీ!" అని మా నాన్న ఓడిపోయినవాడిలా నవ్వాడు. మా అరుగు బండల మీద దాని గిట్టలు టకటకమన్నాయి.

ఇంత చూసినదాన్ని, నేనేం చేశాను? పెళ్ళయిన ఆరేళ్ళకు జమ్మలమడుగులో నా కాపురం చెడింది. పిల్ల తమ దగ్గరే ఉండాలన్నారు అత్తగారివాళ్ళు. నేను బేరమాడాను. దసరాకు పది రోజులు పంపుతామంటే, ఎండాకాలం సెలవులన్నీ రాబట్టాను. ప్రొద్దుటూరు బస్సులో గెలిచాననే అనుకుంటూ వచ్చాను, చూడండి నా తెలివి! మూడు ఎండాకాలాలు వచ్చింది నా కూతురు. నాలుగో ఏడు రానంది. ఇప్పుడు తన ఇంటికి పోతే చుట్టానికి వేసినట్టు కుర్చీ వేస్తుంది, ఏ బస్సుకు పోతావని అడుగుతుంది. ఒక్కసారి మాత్రం, కోపం కూడా లేకుండా, "నువ్వు సెలవులే అడిగినావు గదమా, నన్ను అడగలే," అంది.

ఆ బానిసలు పిలవకముందే వాళ్ళను నావాళ్ళు అనుకున్న ఆ దేవుణ్ణి తలచుకుంటే నాకు ఓదార్పు రాదు. ప్రేమంటే అదైతే, నేను నా బిడ్డ మీద చూపించిందేమిటి?

ఇప్పటికీ అంగట్లో ఎవరైనా నా మాటకు ఒక మెట్టు దిగితే, చెవిలో ఆ గిట్టల చప్పుడు పడుతుంది. చేతిలోని చీర అక్కడే పెట్టి వచ్చేస్తాను.