మందం చెవి

మలేషియాలోనే పుట్టి పెరిగిన మా తరం తెలుగు తడబడినప్పుడల్లా, బాగన్ దాతుక్ ఊళ్లో ఉండే మావయ్య, మాట చివర అక్కడి మలయ్ ‘లా’ తగిలించి, తప్పు తన మీదే వేసుకునేవారు. “నా సెవే మందం లా!”

ఒకసారి గ్రాఫిక్స్ డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాక ఆయన లినక్స్ కంప్యూటర్ తెరుచుకోలేదు. నల్లతెర మీద తెల్లక్షరాలే మిగిలాయి. “ఆ డ్రైవర్ తీసుకోండి” అని ఫోన్లో చెప్పాను. ఆయన మళ్లీ అదే ఎక్కించారు.

మర్నాడు నేనే వెళ్లి దాన్ని తీసేస్తే కంప్యూటర్ లేచింది.

“తీసెయ్యమన్నాను కదా మావయ్యా!” అని విసుక్కున్నాను.

“అవును తల్లీ, నాకే ఇనబడనేదు.”

వంటింట్లోకెళ్లి, “మావయ్యకి చెముడొచ్చిందా?” అని అత్తయ్య చెవిలో గొణిగాను.

“వచ్చినాదమ్మా,” అన్నారు మావయ్య, ముందుగదిలోంచి.

ఆ గొణుగుడే వినబడ్డ మనిషికి, ఫోన్లో నా ‘తీసుకోండి’ వినబడకుండా ఉంటుందా? వంటింట్లోంచి బయటికి రావడానికి నాకు మొహం చెల్లలేదు.