దారం కదలని ఇల్లు

అయినా కిటికీ గురించి ఇంత లొల్లి ఎందుకని బాపు అడుగుడే తప్పు. అప్పుడూ అదే అన్న, ఇప్పుడూ అదే అంట. ఫోన్ల మొదలైన కొట్లాట ఫోన్ల తెగలే. అందుకే ఆఫీసుల సెలవు పెట్టి సూరత్ రైలెక్కిన.

మాది సిరిసిల్ల దిక్కు. బాపు సూరత్‌ల పాండేసర దగ్గర ఒక కార్ఖానల సాంచలు, అంటే మరమగ్గాలు, నడుపుతడు. నేను పుట్టి పెరిగింది ఆడనే. ఇప్పుడు హైదరాబాద్‌ల ఒక ఆర్కిటెక్ట్ దగ్గర అపార్ట్‌మెంట్ల ప్లాన్లు గీస్తున్న. రెండో వేవ్‌ల అమ్మకు కరోనా వచ్చింది. బతికి బయటపడ్డది గానీ ఊపిరి మునుపటి లెక్క లేదు, పడుకుంటే దగ్గు. అప్పుడు రైళ్లు సరిగ్గ లేవు, నేను పోలే. అమ్మను ఫోన్లనే చూసిన. వెనక గోడ, మూసిన కిటికీ, తిరిగే ఫ్యాన్. కిటికీ తియ్యిమంటే పక్కన మిల్లు పొగ లోపటికొస్తదంటుండె.

ఇగ ఈ కిరాయి రూము వద్దు, భేస్తాన్‌ల ఫ్లాట్ తీసుకుందామని బాపు ప్లాన్ ఫోటో పంపిండు. జూమ్ చేసి చూసేసరికి నాకు మండింది. పడక రూముకు ఒక్కటే కిటికీ. అదీ పైపులు దిగే సందులకు. ఆదివారం టోకెన్ అడ్వాన్స్ ఇస్తడట.

మధ్యాహ్నం మూడు దాటినంక సికింద్రాబాద్‌ల రాజ్‌కోట్ రైలు కదిలింది. మీరు పోతే ఒకటి గుర్తుంచుకోండి, కరోనా అని ఏసీల దుప్పట్లు ఇస్తలేరు. నేను చెద్దరు తెచ్చుకోక రాత్రంత వణికిన. తినడానికి కూడా ప్యాకెట్లే. ఎదురు బెర్తు మీద వల్సాడ్ పోతున్న బ్యాంకు మేనేజర్ ఒకాయన, గుంటూరు మనిషి, తన పులిహోరల సగం పెట్టిండు. మర్యాదకు నా ఫోన్ల ప్లాన్ కూడా చూసిండు.

"ఈ రోజుల్లో ఇల్లు దొరకడమే గొప్పమ్మా. మా ఇంటికి రెండు వైపులా కిటికీలే. ఏసీ పెట్టించి అన్నీ మూసేశాం" అన్నడు.

పులిహోర తిన్న కాబట్టి తలూపిన.

పొద్దుగాల సూరత్ స్టేషన్ల నొసటికి గన్ను పెట్టి జ్వరం చూసి వదిలిండ్రు. బయటికొచ్చి షేర్ ఆటో పట్టుకున్న. పాండేసర రాకముందే ముక్కు చెప్పింది, మిల్లులు మళ్లీ నడుస్తున్నయని. షిఫ్టుకు పోయేటోళ్లు సైకిళ్ల మీద గుంపులు గుంపులు.

మా చాలీ అంటే ఒకే వరుసల రూములు, అన్నిటి ముందర ఒకే పొడుగు అరుగు. అమ్మ ఆ అరుగు మీద పక్కింటి లక్ష్మక్కతోని మెంతికూర తెంపుకుంట నవ్వుతున్నది. నన్ను చూసి లేవబోయి, గోడ పట్టుకొని ఆగింది.

"బక్కగైనవ్ బిడ్డా" అన్నది, ఊపిరి అందినంక.

"నేను కాదు, నువ్వైనవ్" అన్న. ఇన్ని నెలలు ఫోన్ల చూసిన ముఖం చేతులకు దొరికితే ఏం చేయాల్నో తెల్వలే. మెంతికూర కట్ట తీసుకొని నేనూ తెంపుకుంట కూసున్న.

అన్నం తిన్నంక ముగ్గురం భేస్తాన్ పోయినం. రెండో అంతస్తు, లోపటి ఫ్లాట్. అమ్మ మెట్ల మీద ఆగుకుంట వస్తున్నది. బాపు ముందే ఎక్కి, జేబుల నుంచి ఒక దారం ముక్క తీసి కిటికీ ఊచకు కట్టిండు. అది నిలువుగ వేలాడింది.

"సూడు. జర గూడ కదుల్తలేదు. గిసుంటి ఇల్లు దొరుకుతదా?" అన్నడు. ముఖమంత సంతోషమే.

నాకు ఒక్క నిమిషం అర్థం కాలే. తర్వాత అర్థమైంది, ఇంకా మండింది. సాంచల మీద గాలి కొడితే దారాలు తెగుతయి. అందుకే కార్ఖానకు షెడ్డు చూసేటప్పుడు మా వాళ్లు గిట్లనే దారం కట్టి చూస్తరు. కదలకపోతే మంచి షెడ్డు. బాపు మా అమ్మకు ఇల్లు కూడా గట్లనే చూసిండు.

"బాపూ, ఈడ పెట్టేది సాంచ కాదు. మనిషి. ఆమెకు ఊపిరాడాలె" అని అరిచిన. ఫ్లాట్ చూపించే పిలగాడు నవ్వు మాస్కుల దాచుకున్నడు. బాపు దారం విప్పి వేలికి చుట్టుకుంట నిలబడ్డడు.

అప్పుడే అమ్మ వచ్చింది. రూములు చూడలే, కిటికీ చూడలే. బయట సన్నటి నడవ, ఎదురుబదురు మూసిన తలుపులు చూసింది.

"నేనేడ కూసోవాలె?"

హాల్ల సోఫా వేసుకో మాసీ అన్నడు ఆ పిలగాడు.

"సోఫా మీద నాతోని మాట్లాడేది ఎవరు?" అన్నది అమ్మ.

ఆ ప్లాన్‌ను రైల్లంత జూమ్ చేసి చూసిన నాకు ఆ ముచ్చటే తట్టలే.

మర్నాడు పొద్దున బీఆర్‌టీఎస్ బస్సెక్కి అమ్మను అడాజన్ తీసుకపోయిన, నా కాలేజీ దోస్తు కింజల్ ఇంటికి. ఆరో అంతస్తు, లిఫ్టు ఉంది. బాల్కనీల కుర్చీ వేస్తే తాపీ నది మీదికెళ్లి వచ్చే గాలికి అమ్మ కూసున్నకాడనే నిద్రపోయింది. నోరు తెరవకుండ, దగ్గు లేకుండ. చీర కొంగు మాత్రం ఎగురుతున్నది. వీడియో తీసి బాపుకు పంపిన.

అమ్మ లేచినంక చేయి బయటికి చాపి ఆ గాలిని పట్టుకున్నట్టు చేసింది. తర్వాత ఎదురు తలుపు వాళ్లెవరని కింజల్‌ను అడిగింది. కింజల్‌కు పేరు తెల్వదు.

"ఇంత గాలి మనకేడిది బిడ్డా. ఉన్నా, ఒక్కదాన్నే ఏం చేసుకుంట? నడువ్, లక్ష్మక్క చూస్తుంటది."

సాయంత్రం బాపు వచ్చి చెప్పులు విడవకుండనే అడిగిండు, నిజంగనే దగ్గకుండ పడుకున్నదా అని. పడుకున్నదన్న. చెప్పులు విడిచి అరుగు మీద కూసున్నడు. టోకెన్ ఆపుత అన్నడు. సారీ అనలే, నేనూ అనలే.

ఆ భేస్తాన్ బిల్డింగ్‌లనే కొందామనుకున్నోళ్లు మా చాలీల ఇంకా ఉన్నరు. ఆదివారం వాళ్లందరితోని బాపు బిల్డర్ దగ్గరికి పోయిండు, నేను ఫోన్ల గీసిచ్చిన బొమ్మ పట్టుకొని. గాలొచ్చే కార్నర్ ఫ్లాట్లు మాకియ్యుండ్రి, నడవ చివర గోడ కట్టకుండ వదలుండ్రి, ఆడ అరుగు కడతం అని అడిగిండ్రు. ఆ జాగల స్టోర్ రూము కట్టి అమ్ముతం, దీపావళి అయినంక చెప్తం అన్నడట ఆయన.

తిరుగు రైల్ల లక్ష్మక్క ఇచ్చిన చెద్దరు కప్పుకొని కూసున్న. బండి కదిలిన కాసేపటికే అమ్మ వీడియో కాల్. అరుగు మీదనే ఉంది. ఫోన్ ఒకరి చేతిలకెళ్లి ఒకరి చేతిలకు పోతున్నది, అందరూ తిన్నవా అనే అడుగుతున్నరు. మళ్ల అమ్మ చేతికొచ్చింది. మాట్లాడుకుంట మాట్లాడుకుంట దగ్గింది, స్క్రీన్ ఊగింది, తర్వాత సిగ్నల్ పోయింది.

సూరత్‌ల నేను చూసింది ఇంతే. గాలి అడాజన్‌ల ఉన్నది, మనుషులు పాండేసరల ఉన్నరు. రెండూ ఒక్క ఇంట్ల అడుగుతున్నది మా అమ్మ. అత్యాశ అంటరా? అయితే ఆ అరుగు మీద ఆమె పక్కన ఒక్క పూట కూసోండి, ఆ దగ్గు వినండి. విన్నంక కూడా ఆమె ముఖం మీద ఆ మాట అనగలుగుతరా?