రొట్టె మీద టీ చుక్కలు

తొంభై ఆరు నవంబర్లో ఫ్యాక్టరీ మరమ్మతు పని మీద ఖతార్‌లోని మెసయీద్ వెళ్ళాను. క్యాంప్ మెస్‌లో రోజూ నా ఎదురుగా కూర్చునేవాడు గియా, జార్జియా నుంచి వచ్చిన వెల్డర్. ఇద్దరం వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకునేవాళ్ళం. ఆ రోజు అతను రొట్టె ముట్టుకోలేదు.

"మా సుఖుమిలో ఇవాళ పార్లమెంటు ఎన్నికలు," అన్నాడు.

సుఖుమి ఉన్న అబ్ఖాజియా యుద్ధం చేసి జార్జియా నుంచి విడిపోయింది. దాన్నొక దేశమని ఎవరూ ఒప్పుకోలేదు. గియాలాంటి జార్జియన్లందరూ మూడేళ్ళ కిందటే ఇళ్ళు వదిలి పారిపోయారు.

"మా ఇంట్లో ఇప్పుడెవరో ఉంటున్నారు. మా పెరట్లో కమలాలు కోసుకుని తిని, ఓటెయ్యడానికి వెళ్తారు. నాకు ఓటు మాఫీ," అన్నాడు. లేదనడానికి గల్ఫ్‌లో అందరి నోటా ఆ అరబ్బీ మాటే.

నా నోరు ఊరుకోదు కదా, అతన్ని నవ్విద్దామనుకున్నాను. "మా ఊళ్ళో చచ్చిపోయినవాళ్ళు కూడా వచ్చి ఓటేసి పోతారు, భాయ్."

గియా నవ్వలేదు. "చచ్చిపోయినా జాబితాలోంచి పేరు కొట్టెయ్యరన్నమాట. మంచి ఊరు," అన్నాడు.

తర్వాత రొట్టె ముక్క తుంచి, దానిమీద టీ చుక్క వేశాడు. పోయినవాళ్ళను తలుచుకుని జార్జియన్లు అలా వైన్ చుక్కలు వేస్తారట. ఈ క్యాంప్‌లో వైన్ ఎక్కడిది?

"ఇది యుద్ధంలో పోయిన మా అన్నకి," అన్నాడు.

కప్పు మళ్ళీ వంచాడు.

"ఇది ఒకప్పుడు సుఖుమిలో ఉండే గియాకి."