బోర్డు మీద కూర్చున్న మనిషి

పోయిన వారం రుషికొండ తీరంలో నడుస్తుంటే పొద్దుటే మంచు పట్టింది. విశాఖలో అలాంటి మంచు ఏడాదికి ఏ నాలుగు రోజులో కనిపిస్తుంది. కెరటాల మీద బోర్డు ఆట నేర్పే బడి ఒకటి ఈ మధ్య అక్కడ పెట్టారు. పిల్లలంతా ఇసకలో బోర్లా పడుకుని చేతులు ఆడిస్తుంటే, ఒకమ్మాయి మాత్రం అప్పటికే నీళ్ళలోకి వెళ్ళిపోయి, బోర్డు మీద కూర్చుని, వీపు మా వైపు పెట్టి కెరటం కోసం ఎదురుచూస్తోంది. మంచులో నడుము పైభాగమే కనిపిస్తోంది. నా కాళ్ళు ఆగిపోయాయి. పక్కన నడిచే మిత్రుడు నా మొహం చూసి, "షుగరు పడిపోయిందా?" అని జేబులోంచి చాక్లెట్ తీసిచ్చాడు. తినేశాను. షుగరు వల్ల కాదని చెప్పాలంటే ఒమాన్ దాకా వెళ్ళి రావాలి, ఆయనకి అంత ఓపిక లేదు. మీకు ఉందనుకుని చెబుతున్నాను.

2009 నాటి మాట. అప్పట్లో నేను మస్కట్‌లో ఓ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్‌ని. నా రూమ్ అల్ హైల్ అనే పేటలో. మా అక్కా బావా అజైబాలో ఉండేవారు, శుక్రవారం వస్తే అక్క చేతి భోజనం కోసం అక్కడ వాలిపోయేవాణ్ణి. బావది భీమిలి. నడక కంటే ముందు ఈత వచ్చిందని వాళ్ళమ్మగారు చెప్పేవారు. నేను విశాఖలో పుట్టి కూడా ఈత నేర్చుకోనివాణ్ణి. సముద్రాన్ని చూస్తూ వేరుశనక్కాయలు తినడమే దానికి మనం ఇవ్వగల మర్యాద అనుకునే రకం. బావ పనిచేసే చోట దక్షిణాఫ్రికా ఇంజనీరు ఒకాయన ఉండేవాడు. ఆయనే బావకి కెరటాల పిచ్చి అంటించాడు. దేశం వదిలి వెళ్ళిపోతూ తన బోర్డు బావకి ఇచ్చేసి పోయాడు. మనిషి కంటే పొడుగు, తెల్లటిది, అడుగున చేప రెక్కల్లాంటివి మూడు. అది అక్కావాళ్ళ హాల్లో సోఫా వెనకాల గోడకి జారబడి ఉండేది. కాలు జారకుండా దానిమీద మైనం రాస్తారు. ఆ సంగతి తెలియక అక్క ఓసారి దాన్ని మేడ మీదకి మోయించి శుభ్రంగా మినప వడియాలు పెట్టింది. ఒమాన్ ఎండకి మైనం కరిగి, వడియాలు బోర్డుకి అంటుకుపోయాయి. ఊడదీసి వేయిస్తే కొబ్బరి సబ్బు వాసన వేశాయి. బావ అలిగి తినలేదు. నేను తిన్నాను.

ఆ ఏడు రంజాన్ పండక్కి వరసగా సెలవులొచ్చాయి. బావ ఎప్పట్నుంచో చెబుతున్న చోటు ఒకటుంది. మస్కట్ నుంచి దక్షిణంగా, ఎడారి దాటి, అరేబియా సముద్రం ఒడ్డున. అక్కడ కొండ ఒకటి నీళ్ళలోకి ముక్కులా పొడుచుకొస్తుంది. మామూలు తీరంలో కెరటం ఒక్కసారిగా కూలిపోతుంది. అలాంటి రాతి ముక్కు దగ్గర మాత్రం కొసన విరగడం మొదలుపెట్టి, ఒడ్డు వెంటే చాప చుట్టినట్టు చుట్టుకుంటూ వస్తుంది. ఎక్కగలిగినవాడు ఒకే కెరటం మీద చాలా దూరం పోవచ్చు. దక్షిణాఫ్రికా ఆయన ఆ చోటుకి దారి కాగితం మీద గీసి మరీ ఇచ్చి వెళ్ళాడు. అక్కకి అప్పుడు ఆరో నెల. బండి కుదుపులు పడవని ఆగిపోయింది. పులిహోర కట్టిచ్చి, నన్ను వంటింట్లోకి పిలిచి, "మీ బావని నీళ్ళ దగ్గర ఒక్కణ్ణీ వదిలీకు" అంది. ఈత రానివాడికి ఆ పని అప్పజెప్పడంలో ఉన్న తమాషా ఇద్దరికీ తట్టలేదు.

తెల్లవారకముందే బయల్దేరాం. సినావ్ దాటాక ఊళ్ళు అయిపోయాయి. ఇంజను సెగకి తోడు బయట ఎండ. అద్దం మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. సముద్రం ఇంకా కనబడక ముందే ఏదో తలుపు తీసినట్టు చలి తగిలింది. ఎదురుగా దారికి అడ్డంగా బూడిదరంగు గోడ. బావ బండి నెమ్మది చేశాడు, గోడలోకి వెళ్ళిపోయాం. నైరుతి గాలి వీచే నెలల్లో ఆ తీరం నీళ్ళు చల్లబడిపోయి, ఒడ్డంతా ఇలా పొగమంచు కమ్ముతుందట. ఇసక తడిగా ఉంది. ఎడారిలో వైపర్లు వేసుకుని పోవడం నాకు అదే మొదలు. ఒంటెలు కదలకుండా నిలబడి ఉన్నాయి, ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ దుప్పట్లు కప్పి వదిలేసిన సామానులా. బండి పక్కనుంచి పోయినా తల తిప్పలేదు.

రాతి ముక్కుకి ఇవతల చిన్న ఊరు. ఊరంటే వరసగా కొన్ని సిమెంటు గదులు, రేకుల పాకలు, బోర్లించిన పడవలు. మనుషులు లేరు. ప్రతి తలుపుకీ వల తాడుతో ముడి వేసి ఉంది. దారిలో ఆగిన పెట్రోలు బంకులో బంగ్లాదేశ్ అతను చెప్పనే చెప్పాడు, సముద్రం రేగే నెలల్లో వాళ్ళంతా లోపలికి, ఖర్జూరం తోటలకి వెళ్ళిపోతారని, ఇంకా తిరిగి రాలేదని. చెప్పి ఉన్నా, తలుపుల మధ్య నుంచి నడుస్తుంటే గొంతు తగ్గించి మాట్లాడుకున్నాం. ఎవరో పడుకున్నారన్నట్టు.

మధ్యాహ్నానికి మంచు కాస్త పలచబడింది. కెరటాలు చూసి బావ చిన్నపిల్లాడైపోయాడు. నేను కూడా, వేరుశనక్కాయలు లేకపోయినా, నోరు తెరుచుకుని చూశాను. గాలి లేదు. రాళ్ళ కొసన నీళ్ళు నల్లగా పైకి లేచి, వంగి, మెల్లగా ఒడ్డు వెంట విప్పుకుంటూ వచ్చేవి. అంత పెద్ద కెరటానికి చప్పుడు ఆలస్యంగా వినిపించేది. బావ కాలికి బోర్డు తాడు కట్టుకుని, రాళ్ళ పక్కనున్న లోతు నీళ్ళ వెంట లోపలికి పోయాడు. అక్కడ నీళ్ళు సముద్రంలోకి లాగుతుంటాయి, అందుకని పోవడం సులువు. మొదటి కెరటం మీద లేచి నిలబడి నా ముందునుంచి అలా వెళ్ళిపోతుంటే, ఆఫీసులో టై కట్టుకుని పొట్ట సర్దుకునే మనిషి ఇతనేనా అనిపించింది. అలా ఎన్నిసార్లు వెళ్ళాడో లెక్కపెట్టలేదు. పులిహోర విప్పాను.

తలెత్తేసరికి మంచు మళ్ళీ కమ్మింది. ఈసారి సముద్రం మీంచి లేచి వచ్చింది. కెరటం చప్పుడుంది, కెరటం లేదు. "బావా" అని పిలిచాను. నా గొంతు నాకే దగ్గరగా తిరిగొచ్చింది. నీళ్ళ అంచు వెంట అటూ ఇటూ నడిచాను. చాలాసేపటికి కొస వైపు మంచు కాస్త విడింది. బావ కనిపించాడు. బోర్డు మీద నిటారుగా కూర్చుని, వీపు నా వైపు పెట్టి సముద్రంలోకి చూస్తున్నాడు. ప్రాణం కుదుటపడింది. రెండు చేతులూ ఎత్తి ఊపాను. తిరగలేదు. మళ్ళీ పిలిచి ఊపాను. ఒక కెరటం అతన్ని ఎత్తి దించింది. తిరగలేదు.

"ఎవరికిరా చెయ్యి ఊపుతున్నావు?" అని వెనకనుంచి బావ అడిగాడు.

వెనక్కి తిరిగాను. ఒళ్ళంతా నీళ్ళు కారుతూ, మోకాలు గీరుకుపోయి, కాలికి తెగిన తాడు వేలాడుతూ నిలబడి ఉన్నాడు. కెరటంలో పడ్డప్పుడు తాడు తెగిందట. బోర్డు ఎటు పోయిందో తెలియలేదు. ఈదుకుంటూ దూరాన ఒడ్డుకి చేరి, తీరం వెంట నడిచొచ్చాడు. నేను నీళ్ళ వైపు వేలు చూపించాను. ఆయన చూశాడు. ఇద్దరం చూశాం. బోర్డు మాదే. మంచులో కూడా ఆ తెలుపు తెలుస్తోంది. మీద నల్లగా, నిటారుగా ఆ మనిషి.

"పక్షేమో" అన్నాను. నల్ల నీటికాకులు ఆ తీరంలో చాలా.

"పక్షికి భుజాలుంటాయేట్రా?"

మంచు మూసుకుంది. బావ బండి దగ్గరకి పోయి మా నీళ్ళ డబ్బా ఒంపేశాడు. పెద్ద ప్లాస్టిక్ డబ్బా. మూత బిగించి చంకలో పెట్టుకున్నాడు. ఏం చేయబోతున్నాడో అర్థమై చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు బావా. అది మనిషి కాకపోతే?"

"కాకపోతే నా బోర్డు నేను తెచ్చుకుంటాను. మనిషైతే మనిషిని తెచ్చుకుంటాను."

"అక్కకి నేనేటి చెప్పాలి?"

"అక్కని మధ్యలోకి తేకు. నువ్వెళ్ళి హారను కొట్టు. ఆపకు. ఒడ్డు ఎటుందో నాకు తెలియాలి" అని, గీరుకుపోయిన కాలు ఈడ్చుకుంటూ మళ్ళీ రాళ్ళ పక్క నీళ్ళలో దిగాడు. ఆ భయం ఆయనకీ ఉంది. డబ్బాని పట్టుకున్న వేళ్ళు తెల్లబడి ఉన్నాయి.

బండిని నీళ్ళ వైపు తిప్పి హారను మీద అరచెయ్యి పెట్టాను. నొక్కుతూ, వదులుతూ, నొక్కుతూ. ప్రతిసారీ వెనక ఊరి వైపు నుంచి ఇంకో హారను వినిపించేది. గోడలకి తగిలి తిరిగొస్తోందని తెలుసు. తెలిసినా, అద్దంలోంచి వెనక్కి చూడలేదు. అక్కకి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలో మనసులో కూర్చుకోవడం మొదలెట్టాను. ఆ మాటలు సిద్ధమవుతుంటే అసహ్యం వేసి, గట్టిగా నొక్కాను.

నీళ్ళ అంచున మొదట డబ్బా కనిపించింది. తర్వాత బోర్డు, దానిమీద బోర్లా పడుకున్న మనిషి, వెనకాల కాళ్ళు ఆడిస్తూ నెడుతున్న మా బావ. నడుం లోతు వరకూ నేనూ దిగాను. నా జీవితంలో అంత లోతుకి అంతకు ముందు దిగలేదు. ముగ్గురం కలిసి ఇసక మీద పడ్డాం. ఆ మనిషి వేళ్ళు బోర్డు అంచుల మీంచి రాలేదు. ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. పెదాల మీద ఉప్పు పొరలు కట్టి ఉంది. గొంతు పూర్తిగా పోయింది. అందుకే నేనెంత పిలిచినా పలకలేదు, తల తిప్పితే పడిపోతానని తిప్పలేదు.

ఫ్లాస్కులో టీ పోశాక హిందీలో మెల్లగా చెప్పాడు. కచ్ వైపు మనిషి, చేపల లాంచీ మీద పని. చిన్న పడవలో వల చూడ్డానికి వస్తే ఇంజను ఆగిపోయింది, మంచులో కొట్టుకొచ్చి పడవ ఈ రాళ్ళకి తగిలి ముక్కలైంది. తెల్లవారినప్పటినుంచీ కొసకి అవతలి పక్కన, మాకు కనబడని వైపు, రాయి పట్టుకుని ఉన్నాడు. ఒక పెద్ద కెరటం ఊడ్చేసినప్పుడు, మంచులోంచి ఈ తెల్లటిది ఒంటరిగా వచ్చి పక్కన ఆగిందట. ముట్టుకోవడానికి భయపడ్డానన్నాడు. మేం అతన్ని చూసి భయపడుతున్నప్పుడు అతనూ అదే పనిలో ఉన్నాడన్నమాట. బావ నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆ మనిషి గ్లాసు కింద పెట్టి, చుట్టూ చూసి, "బెహన్ కిధర్ హై?" అన్నాడు.

ఏ బెహన్ అని అడిగాం. ఒడ్డు మీంచి పిలిచినామె, అన్నాడు. పొద్దుటినుంచీ పిలుస్తూనే ఉందట. భాష తెలియలేదు కానీ, ఆడుకునే పిల్లల్ని అన్నానికి రమ్మని పిలిచినట్టుందట. ఆ గొంతు వినబడుతుంటే ఒడ్డు దగ్గరే కదా అని రాయి వదల్లేదట. ఆమెకి కూడా మొక్కుకోవాలన్నాడు.

"హారనుకి ముందా?" అని అడిగాడు బావ.

"చాలా ముందు. హారను మొదలయ్యాక ఆగిపోయింది."

మేము అక్కడికి చేరిందే మధ్యాహ్నం కావస్తుంటే. బావ నా వైపు చూడకుండా లేచి, "ఆడమనిషి ఎవరైనా ఒంటరిగా చిక్కుకుపోయిందేమో, చూసీసి పోదాం" అన్నాడు. ఊళ్ళో గదుల వరస మొత్తం తిరిగాం. ముడులన్నీ అలాగే ఉన్నాయి, ఉప్పుకి బిగిసిపోయి. గుమ్మాల ముందు గాలి సర్దిన ఇసక మీద మా అడుగులే తప్ప ఇంకేమీ లేవు. బావ ప్రతి తలుపూ తట్టాడు. తట్టి, మర్యాదగా ఒక క్షణం ఆగాడు. ఆ ఆగడం నేను భరించలేకపోయాను.

దగ్గర్లోని ఊళ్ళో పోలీసులకి అప్పజెప్పితే, వాళ్ళే అతన్ని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. రాసుకుంటున్న పోలీసాయన హిందీ బాగానే మాట్లాడాడు. ఆడగొంతు సంగతి బావ చెప్పాడు. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. అదీ రాసుకోవాలా అన్నట్టు పెన్ను కాసేపు ఎత్తి పట్టుకుని, రాయకుండా, మాకు ఖర్జూరాలు పెట్టించాడు.

ఇంటికెళ్ళాక అక్కకి, మంచు వల్ల ఆట సాగలేదని ఒక్క ముక్క చెప్పాం. మోకాలికి బావ ఏదో కథ చెప్పాడు. బక్రీదుకి కచ్ నుంచి ఆ మనిషి, బావ ఇచ్చిన ఇంటి నంబరుకి ఫోను చేస్తే అక్కే ఎత్తింది. అతనికి వచ్చిన హిందీలో, ఆవిడకి వచ్చిన హిందీలో కథంతా బయటపడింది. మా ఇద్దరితోనూ చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడిన రోజు మాత్రం తిట్టలేదు. "పిల్లల్ని అన్నానికి పిలిచే గొంతుకి భయపడ్డమేటి, మగాళ్ళు?" అని, పొట్ట మీద చెయ్యి వేసుకుని లోపలికి వెళ్ళిపోయింది. బావ ఆ తర్వాత కూడా కెరటాలెక్కాడు కానీ ఆ చోటికి మళ్ళీ వెళ్ళలేదు. ఎందుకని నేనూ అడగలేదు. ఇప్పుడు ఆయనకి మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కాలంటే నా భుజం పట్టుకుంటాడు. డబ్బా చంకలో పెట్టుకుని నీళ్ళలో దిగిన నాటి ఆయన వయసుని నేను దాటేసి చాలా ఏళ్ళయింది. అయినా ఆ మధ్యాహ్నాన్ని తలుచుకున్నప్పుడల్లా, ఆ ఒడ్డున ఆయనే నాకంటే పెద్దవాడు. నేను మాత్రం ఎన్నేళ్ళు గడిచినా అక్కడ ఇంకా చిన్నవాణ్ణే.